ఎడమచేతివాటం వాళ్లకు ఫోర్కు ఏ చేతిలో, కత్తి ఏ చేతిలో: ఏది మేలు?

పళ్లేనికి ఎడమపక్క ఫోర్కు, కుడిపక్క కత్తి. ఎడమచేతివాటం ఉన్నవాళ్లు చాలామంది ఈ అమరిక చూడగానే "ఇది కుడిచేతివాళ్ల కోసం పెట్టింది, మనం తిరగేసుకోవాల్సిందే" అనుకుంటారు. అయితే ఇందులో నోటిదాకా వెళ్లొచ్చే పనంతా ఫోర్కుదే, ఆ ఫోర్కు ఉన్నది మీకు వాటమైన చేతివైపే. వాటం లేని చేత్తో ముద్ద నోటికి అందించుకోవడం నేర్చుకోవాల్సింది కుడిచేతివాళ్లు. కాబట్టి తేల్చుకోవాల్సింది ఫోర్కు గురించి కాదు. మీ కుడిచెయ్యి కత్తితో సరిగ్గా కొయ్యగలదా లేదా అన్నదొక్కటే.

ముందున్న దారులు మూడు. మొదటిది మామూలు పద్ధతి: ఎడమచేత ఫోర్కు, కుడిచేత కత్తి. రెండోది తిరగేసిన పద్ధతి: కత్తి ఎడమచేతికి, ఫోర్కు కుడిచేతికి, తినడం అయ్యేవరకూ అలాగే. మూడోది చేతులు మార్చుకునే పద్ధతి: కొయ్యడం అవగానే కత్తి పక్కన పెట్టి, వాటమున్న చేతిలో ఫోర్కుతో తినడం. వీటిలో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పేముందు ఒక పొరపాటు సరిచెయ్యాలి.

రాసే చేతిని బట్టి తేల్చకండి

ఎడమచేత్తో రాసేవాళ్లంతా అన్ని పనులూ ఎడమచేత్తోనే చెయ్యరు. వాటాన్ని కొలవడానికి 1971లో ఓల్డ్‌ఫీల్డ్ తయారుచేసిన ఎడిన్‌బరా ప్రశ్నావళిలో పది పనులు ఉంటాయి: రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, టూత్‌బ్రష్, కత్తి, చెంచా, చీపురు పట్టినప్పుడు పైన ఉండే చెయ్యి, అగ్గిపుల్ల గీయడం, పెట్టె మూత తీయడం. కత్తి దగ్గర మాత్రం "ఫోర్కు లేకుండా" అని విడిగా రాసి ఉంటుంది. ఆ చిన్న షరతు మనకిక్కడ చాలా ముఖ్యం. ఫోర్కు తోడున్నప్పుడు కత్తి ఏ చేతికి వెళ్లాలో చిన్నప్పుడు నేర్పిన పద్ధతే నిర్ణయిస్తుంది. ఒంటి కత్తి పట్టినప్పుడే అసలు వాటం బయటపడుతుంది.

అదీగాక, వాటం అనేది అటో ఇటో అన్నట్టు ఉండదు. ఎన్నో అధ్యయనాల లెక్కలు కలిపి 2020లో సైకలాజికల్ బులెటిన్‌లో వచ్చిన విశ్లేషణ ఎడమచేతివాటం వాళ్లు 10.6 శాతం అని తేల్చింది. కానీ కొలిచే తీరు మారితే అదే సంఖ్య 9.3 నుంచి 18.1 దాకా మారుతుందని కూడా అందులోనే ఉంది. మధ్యలో ఉన్నవాళ్లు అంతమంది. రాతకు ఎడమ, కత్తెరకు కుడి వాడేవాళ్లకు మామూలు పద్ధతిలో అసలు ఇబ్బందే తెలియకపోవచ్చు.

అందుకే చేత్తోనే పరీక్షించి చూసుకోండి. రంపపు పళ్లు లేని మామూలు వంటింటి కత్తి, ఉడికించి చల్లార్చిన రెండు బంగాళాదుంపలు తీసుకోండి. ఒకదాన్ని ఎడమచేత్తో, ఇంకోదాన్ని కుడిచేత్తో 1 సెంటీమీటరు మందం బిళ్లలుగా కొయ్యండి. తర్వాత బిళ్లలు పక్కపక్కన పేర్చి అంచులు చూడండి. ఒక చేతి బిళ్లలు రెండు అంచులూ సమానంగా ఉండి, రెండో చేతివి ఒకపక్క మందంగా, ఒకపక్క పల్చగా వస్తే ఆ రెండో చెయ్యి కత్తిని నిటారుగా నిలపలేకపోతోందని అర్థం. రెండు చేతులవీ దాదాపు ఒకేలా ఉంటే మీరు కొంతవరకు సవ్యసాచే, మామూలు పద్ధతికి హాయిగా వెళ్లిపోవచ్చు.

దుంప మెత్తన, కాబట్టి బలహీనమైన చెయ్యి కూడా నెట్టుకొచ్చేస్తుంది. రెండో పరీక్ష గట్టి పదార్థంతో, పళ్లెంలో, ఫోర్కుతో కలిపి చెయ్యాలి. బాగా కాల్చిన రొట్టె ముక్కో, కాస్త సాగే మాంసమో చాలు. మామూలు పద్ధతిలో పది ముక్కలు, తిరగేసి పది ముక్కలు. కోసేటప్పుడు మూడు సంగతులు గమనించండి: కత్తి ఉన్న వైపు భుజం పైకి లేస్తోందా, కత్తి ముందుకూ వెనక్కూ నడవకుండా కిందికి నొక్కుకుపోతోందా, ఫోర్కు కింద ముక్క తిరిగిపోతోందా.

పళ్లెంలో ఏం జరుగుతుందంటే

ఫోర్కు పని కదలకుండా అదిమి పట్టడం, కత్తి పని రంపంలా నడవడం. అదిమి పట్టడానికి బలం చాలు, నేర్పు పెద్దగా అక్కర్లేదు. రంపంలా నడపడానికి మణికట్టు, మోచెయ్యి ఒక లయలో కలిసి కదలాలి. వాటం లేని చెయ్యి ఆ లయ అందక కత్తిని కిందికి నొక్కుతుంది. నొక్కితే కత్తి పదార్థాన్ని కొయ్యదు, నలుపుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి తెగి, అలుగు పళ్లేనికి తగిలి కీచుమంటుంది. ముక్క కాస్తా పళ్లెం అంచుదాకా జారిపోతుంది. కీచుమన్న చప్పుడు తరచూ వినిపిస్తోందంటే ఆ చెయ్యి కొయ్యడం లేదు, నొక్కుతోంది.

ఏ చేతిలో ఉన్నా పట్టు ఒకటే. కత్తి పిడి చివర అరచేతిలో ఒదగాలి, చూపుడువేలు అలుగు మొదలయ్యే చోట మొద్దు అంచు మీద ఆనాలి. ఫోర్కుకీ అంతే: పళ్లు కిందికి వంగి ఉండాలి, పిడి చివర అరచేతిలో ఉండాలి, చూపుడువేలు ఫోర్కు వీపు మీద, పళ్లు మొదలయ్యే చోటికి రెండు మూడు సెంటీమీటర్ల వెనక ఉండాలి. వేలు ఇంకా వెనక్కి వెళితే ఒత్తిడి పళ్లదాకా చేరదు, ముక్క తిరిగిపోతుంది. మరీ ముందుకు వెళితే వేలు పదార్థానికి తగులుతుంది. కత్తిని ఫోర్కు పళ్ల పక్కనే, వాటిని దాదాపు రాసుకుంటూ నడపాలి. పళ్లకూ కత్తికీ మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం వదిలితే ఆ మధ్యభాగం ఊగుతుంది, కోత వంకర పోతుంది.

తిరగేసిన పద్ధతికి మారినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మామూలు పద్ధతిలో పదార్థాన్ని ఎడమ అంచు నుంచి కోసుకుంటూ వస్తారు. ఎందుకంటే ఫోర్కు ఎడమపక్క ఉంటుంది, తెగిన ముక్క ఫోర్కుకే ఉండిపోతుంది. చేతులు తిరగేసినప్పుడు కోత కూడా తిరగెయ్యాలి, అంటే కుడి అంచు నుంచి మొదలుపెట్టాలి. చాలామంది చేతులు మార్చి కోత మాత్రం పాత అలవాటుగా ఎడమ అంచునే మొదలుపెడతారు. దాంతో ముంజేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటాల్సి వస్తుంది, మోచేతులు రెక్కల్లా లేస్తాయి. ఆ తర్వాత తిరగేసిన పద్ధతి పనికిరాదనుకుని వదిలేస్తారు. నిజానికి మార్చాల్సింది కోత మొదలుపెట్టే అంచు ఒక్కటే.

మూడింటిలో ఏది?

దుంప పరీక్షలో కుడిచెయ్యి ఫర్వాలేదనిపిస్తే మామూలు పద్ధతే మేలు. వాటమున్న చెయ్యి ఫోర్కును తిన్నగా నోటికి చేరుస్తుంది. కింద పడడం, ఒలకడం తక్కువ. ఎక్కడ కూర్చున్నా ఏమీ మార్చుకోనక్కర్లేదు. కుడిచేతి కోత మొదట్లో కాస్త నెమ్మదిగా సాగినా, రోజూ వాడుతుంటే మెరుగవుతుంది. ఎందుకంటే పళ్లెంలో కోసేది ఒకటి రెండు సెంటీమీటర్ల లోతే.

రెండు పరీక్షల్లోనూ కుడిచెయ్యి తేలిపోతే సందేహం పెట్టుకోకుండా తిరగేసెయ్యండి. "ఎడమచేతివాళ్లకు ఫోర్కు ఎలాగూ ఎడమచేతిలోనే ఉందిగా, ఇంకేం కావాలి" అని బలవంతపెట్టేవాళ్లు కత్తి పనిని తక్కువ అంచనా వేస్తున్నారు. బలమైన ఎడమచేతివాటం ఉన్నవాళ్ల కుడిచేతిలో కత్తి పెట్టడమంటే కుడిచేతివాళ్లకు ఎడమచేతిలో రంపం ఇచ్చినట్టే. తిరగేసినప్పుడు ఫోర్కు కుడిచేతికి వెళుతుంది కాబట్టి, నోటికి అందించడం మొదట్లో తడబడుతుంది. బఠానీల్లాంటి దొర్లేవి ఉంటే ఆ తడబాటు ఇంకా తెలుస్తుంది. వాటిని ఫోర్కు వీపు మీద నిలపాలని పట్టుబట్టకండి. ఫోర్కు పళ్లు పైకి తిప్పి, ఎడమచేతిలో ఉన్న కత్తితో వాటిని ఫోర్కులోకి నెట్టండి.

చేతులు మార్చుకునే పద్ధతిని అమెరికన్ పద్ధతి అంటారు. కుడిచేతివాళ్లు దాన్ని ఎందుకు పాటిస్తారంటే, కోతకూ కుడిచెయ్యే కావాలి, తినడానికీ కుడిచెయ్యే కావాలి. మామూలు అమరికలో కోసిన ఎడమచేతివాళ్లకు ఆ అవసరం లేదు. కత్తిని పళ్లెం పైఅంచున ఆనించి పెడితే సరి, ఫోర్కు అప్పటికే ఎడమచేతిలో ఉంది. కుడిచేతివాళ్లు వేసే అడుగుల్లో ఒకటి వీళ్లకు తగ్గిపోయింది. అసలైన మార్పిడి కావాల్సింది కోతకూ, తినడానికీ రెండింటికీ ఎడమచెయ్యే ఉండాలనుకునేవాళ్లకు: ఎడమచేత కత్తితో కోసి, కత్తి దించి, ఫోర్కును కుడిచేతి నుంచి ఎడమచేతికి తీసుకోవాలి. మళ్లీ కొయ్యాలంటే మళ్లీ వెనక్కి. ముక్కకోసారి ఇలా చేస్తే పన్నెండు ముక్కలకు ఫోర్కు ఇరవై నాలుగుసార్లు చేతులు మారుతుంది. మూడు నాలుగు ముక్కలు ఒకేసారి కోసుకుంటే మార్పిళ్లు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిపోతాయి. కుడిచేత్తో కొయ్యలేక, తినలేక రెండు విధాలా ఇబ్బందిపడేవాళ్లకు ఇదే సరైన దారి. మిగతావాళ్లకు అక్కర్లేని శ్రమ.

వస్తువుల్లోనే ఉన్న పక్షపాతం

మామూలు నాలుగు పళ్ల ఫోర్కుకూ, గుండ్రటి చెంచాకూ కుడి ఎడమలు లేవు. చిక్కంతా మిగతావాటితోనే. మొదటిది రంపపు పళ్ల కత్తి. దాని గాట్లు చాలావరకు ఒకే పక్క నుంచి తీసి ఉంటాయి. పదును కిందికి, మొన ముందుకు ఉండేలా పట్టుకుని అలుగు రెండు పక్కలా చూడండి. గాట్లు కుడిపక్కనే ఉండి ఎడమపక్క నున్నగా ఉంటే అది కుడిచేతి కత్తి. వాలు ఉన్న పక్క నుంచి పదార్థం నెడుతుంది కాబట్టి అలుగు నున్నటి పక్కకు, అంటే ఎడమకు జరుగుతూ పోతుంది. ఎడమచేత్తో బ్రెడ్డు కోసేటప్పుడు బ్రెడ్డు మీకు కుడివైపు, తెగే ముక్క ఎడమవైపు ఉంటాయి. కత్తి ఎడమకు తప్పుకుంటూ బయటికి వచ్చేస్తుంది. ముక్క పైన మందంగా, అడుగున పల్చగా వస్తుంది. ఇందులో మీ చేతి తప్పేమీ లేదు. ఎనిమిది పది సెంటీమీటర్ల ఎత్తున్న బ్రెడ్డులో ఈ వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పళ్లెంలో సెంటీమీటరున్నర మందం ముక్కకు దాదాపు తెలియదు. అందుకే ఎడమచేతి కత్తి కొనాలనుకుంటే ముందు బ్రెడ్డు కత్తి కొనండి, భోజనం బల్ల మీది కత్తుల జోలికి వెళ్లనక్కర్లేదు.

రెండోది కేకు తినే మూడు పళ్ల ఫోర్కు. దాని ఎడమ అంచు పన్ను మిగతావాటికన్నా వెడల్పుగా, కత్తి అంచులా ఉంటుంది. కుడిచెయ్యి లోపలికి తిరిగినప్పుడు కిందికి వచ్చేది ఆ అంచే. అదే ఫోర్కు ఎడమచేతిలో ఉంటే కిందికి వచ్చేది సన్నటి పన్ను. గట్టి బిస్కెట్టు అడుగున్న కేకును దాంతో అదిమితే పన్ను వంగొచ్చు. ఎడమచేతివాళ్ల కోసం వెడల్పు పన్ను కుడిపక్క ఉన్నవి దొరికితే సరే, లేదంటే మామూలు చిన్న ఫోర్కే నయం. ఒకేపక్క మూతి ఉన్న గరిటె సంగతీ అంతే. రెండు పక్కలా మూతి ఉన్నది తీసుకుంటే ఇంట్లో అందరికీ సరిపోతుంది.

పక్కవాళ్ల మోచేతులు

ఫోర్కు, కత్తి రెండూ వాడే భోజనంలో అందరి మోచేతులూ రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తిరగేసి పట్టుకున్నా పెద్ద తేడా రాదు. తగులుకునేది చెంచాతోనో ఒక్క ఫోర్కుతోనో తినేటప్పుడు. ఎడమచేతివాటం మనిషికి ఎడమపక్కన కుడిచేతివాటం మనిషి కూర్చుంటే, పనిచేసే మోచేతులు రెండూ ఒకే సందులో కలుస్తాయి. మనిషికి 60 సెంటీమీటర్ల చోటున్నా ఆ సందు ఇరుకవుతుంది. బల్లకు ఎడమ చివర కుర్చీ ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

బల్ల మీద అమర్చినవాటిని కూర్చున్నాక తిరగేసి పేర్చకండి. చేతిలోకి తీసుకునేటప్పుడు మార్చుకుంటే చాలు. ముఖ్యంగా గ్లాసు కుడివైపే ఉండనివ్వండి. దాన్ని ఎడమకు జరిపితే పక్కవాళ్ల గ్లాసుతో కలిసిపోయి, వరసలో అందరూ ఎవరిదేదో తెలియక తికమక పడతారు.

పిల్లల సంగతి

చిన్నపిల్లలు చెంచాను ఒక పూట ఈ చేత్తో, ఒక పూట ఆ చేత్తో పట్టుకుంటారు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య వాటం స్థిరపడుతుంటుంది కాబట్టి అప్పటిదాకా చెంచాను కుడిపక్కనో ఎడమపక్కనో పెట్టకుండా, పళ్లేనికి ముందు, మధ్యలో అడ్డంగా పెట్టండి. ఏ చెయ్యి ఎక్కువసార్లు ముందుకొస్తోందో కొన్ని వారాల్లో మీకే తెలుస్తుంది. మెడ పక్కకు వంచిన చెంచాలు మాత్రం అప్పటిదాకా కొనకండి. అవి ఒకే చేతికి పనికొస్తాయి. పొరపాటు చేతిలో పడితే చెంచా నోటికి కాకుండా చెంపవైపు తిరుగుతుంది, పిల్లలు దాన్ని విసిరేస్తారు. తిన్నటి, పొట్టి, లావుపాటి పిడి ఉన్న చెంచా ఏ చేతికైనా సరిపోతుంది.

కత్తి చేతికిచ్చే వయసు వచ్చాక మొనలేని కత్తితో, మెత్తటి పదార్థంతో మొదలుపెట్టండి. చూపించేటప్పుడు మీరు కుడిచేతివాటం వాళ్లయి, బిడ్డది ఎడమచేతివాటమైతే పక్కన కూర్చోకండి, ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసినట్టు మీ కుడిచెయ్యి కదిలినప్పుడు బిడ్డ ఎడమచెయ్యి కదులుతుంది. ఏ అంచున కోత మొదలుపెట్టాలో విడిగా చెప్పాల్సిన పని కూడా ఉండదు.