జెల్‌కి రంగు: ఎథిడియం బ్రోమైడా, సైబర్ సేఫా?

డీఎన్‌ఏ ముక్కల్ని విడదీసే అగరోజ్ జెల్‌లో వాటిని మెరిపించి చూపే రెండు రంగులివి.

ఖర్చు: ఎథిడియం బాగా చవక. 10 మి.గ్రా./మి.లీ. స్టాక్ (గాఢ ద్రావణం) 5 మైక్రోలీటర్లు 100 మి.లీ. జెల్‌కి చాలు. సైబర్ సేఫ్ 10,000 రెట్ల గాఢతలో వస్తుంది, అదే జెల్‌కి 10 మైక్రోలీటర్లు, ధర ఎక్కువ.

ప్రమాదం: ఎథిడియం డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. కాలేయ ఎంజైములు కలిపి బ్యాక్టీరియాపై చేసే ఏమ్స్ పరీక్షలో బలమైన మ్యుటాజెన్‌గా (జన్యు మార్పులు తెచ్చే పదార్థంగా) తేలింది. పొడి తూచడం అన్నిటికన్నా ప్రమాదం; తయారు ద్రావణమే కొనండి. మరిగే అగరోజ్‌లో పోయకండి, 60 డిగ్రీలకు చల్లారనివ్వండి. నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి, అదే చేత్తో తలుపు పిడి ముట్టొద్దు. సైబర్ సేఫ్ మ్యుటాజెన్ గుణం చాలా తక్కువ, కానీ డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగి ఉంటుంది. అది చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. గ్లోవ్స్ దీనికీ కావాలి.

వెలుతురు: ఎథిడియానికి యూవీ (అతినీలలోహిత) కాంతి కావాలి, అది కళ్లకూ చర్మానికీ చేటు, డీఎన్‌ఏకీ దెబ్బ. సైబర్ సేఫ్‌కి నీలి కాంతి చాలు.

వ్యర్థం: ఎథిడియం కలిసిన బఫర్‌ని (జెల్ నడిపే ద్రావణాన్ని) సింకులో పోయకండి, యాక్టివేటెడ్ చార్‌కోల్ గుండా వడకట్టండి. బ్లీచ్ వద్దు, మ్యుటాజెన్ గుణమున్న పదార్థాలు మిగలవచ్చు.

విద్యార్థులు మారుతుండే ల్యాబ్‌కి, డీఎన్‌ఏ క్లోనింగ్ కోసం జెల్‌లోంచి బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) కోసేవారికి సైబర్ సేఫ్. ప్రత్యేక బల్ల, వ్యర్థాల ఏర్పాటు, శిక్షణ ఉండి రోజూ జెల్స్ నడిపేచోట ఎథిడియం సరిపోతుంది.