ఏలియన్: ఐసొలేషన్ – చెవులు రిక్కించి ఆడాల్సిన గేమ్

ఈ గేమ్‌లో చావు ముందు చెవికి వినిపిస్తుంది, ఆ తర్వాతే కంటికి కనిపిస్తుంది. పైకప్పులోని వెంట్ గొట్టంలో ఏదో పాకుతుంది. ఆగుతుంది. దబ్బున నేల మీదికి దిగుతుంది. అప్పటికే మీరు బల్ల కింద దూరి ఉంటే బతికినట్టు. కారిడార్ మధ్యలో నిలబడి ఉంటే చివరిసారి సేవ్ చేసిన చోటి నుంచి మళ్లీ మొదలు. ఇంగ్లండ్‌కు చెందిన క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేయగా సెగా 2014 అక్టోబర్‌లో విడుదల చేసిన ఏలియన్: ఐసొలేషన్‌కు మరుసటి ఏడాది బ్రిటన్‌కు చెందిన బాఫ్టా సంస్థ ఇచ్చే గేమ్స్ అవార్డుల్లో ఆడియో విభాగం బహుమతి వచ్చింది. ఆ బహుమతి పూర్తిగా న్యాయమైనది. శబ్దాన్ని ఆట నియమాల్లోకి ఇంత లోతుగా దించిన హారర్ గేములు చాలా తక్కువ.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1979 నాటి ఏలియన్ సినిమా జరిగిన 15 ఏళ్లకు, అంటే 2137లో, అమాండా రిప్లీ తన తల్లి ఆచూకీ కోసం సెవాస్టొపోల్ అనే అంతరిక్ష కేంద్రానికి వస్తుంది. తల్లి ప్రయాణించిన ఓడ ఫ్లైట్ రికార్డర్ అక్కడ ఉంది. మనుషులను వేటాడే గ్రహాంతర ప్రాణి ఏలియన్ కూడా అక్కడే ఉంది. దాన్ని చంపే ఆయుధం ఆటలో ఎక్కడా లేదు. రివాల్వర్, షాట్‌గన్ దొరుకుతాయి కానీ అవి దాని మీద పనిచేయవు, పైగా పేలిన చప్పుడుకు అదే మీ దగ్గరికి వస్తుంది.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. వినిపించే ప్రతి చప్పుడూ మీకు ఏదో ఒక సమాచారం ఇస్తుంది. మీరు చేసే ప్రతి చప్పుడూ మీ గురించి దానికి సమాచారం ఇస్తుంది. వంగి నడిస్తే దాదాపు చప్పుడుండదు. పరుగెత్తితే పక్క గదులకు వినిపిస్తుంది. చేతిలోని ఇనుప పనిముట్టుతో గోడను కొట్టినా, తుపాకీ పేల్చినా పిలిచి చోటు చూపించినట్టే. చాలా గేముల్లో ఆటగాడి అడుగుల చప్పుడు నేపథ్యంలో కలిసిపోతుంది. ఇక్కడ దాన్ని వినే ప్రాణి ఒకటుందని తెలిసిన క్షణం నుంచి, ఆటగాడు తన అడుగులను తనే వినడం మొదలుపెడతాడు. భయం సగం అక్కడే పుడుతుంది.

చేతిలో పట్టుకునే మోషన్ ట్రాకర్ అనే పరికరం ఈ బేరానికి పరాకాష్ఠ. కదిలే వాటిని చుక్కలుగా చూపిస్తుంది, బీప్ కొడుతుంది, చేరాల్సిన చోటు ఏ దిక్కున ఉందో అంచు మీద చెబుతుంది. దాని లోపాలన్నీ కావాలనే పెట్టారు. కదలకుండా నిలబడ్డ దాన్ని చూపించదు. ఎత్తు చూపించదు, కాబట్టి చుక్క పక్క గదిలో ఉందా నెత్తి మీది వెంట్‌లో ఉందా అన్నది మీరే తేల్చుకోవాలి. ట్రాకర్ ఎత్తి చూస్తున్నంతసేపూ వెనకున్న దృశ్యం మసకబారుతుంది. దారి మీద చూపు నిలిపితే ట్రాకర్ తెర మసకబారుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, ఏలియన్ దగ్గర్లో ఉన్నప్పుడు ఆ బీప్ దానికి కూడా వినిపిస్తుంది. ఎత్తి, చుక్క దిక్కు పట్టుకుని, వెంటనే దించేయాలి. లాకర్‌లో దాక్కుని ట్రాకర్ తెరిచి ఉంచడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. 1999 నాటి సైలెంట్ హిల్‌లో రాక్షసులు దగ్గరికొస్తే జేబులోని రేడియో గరగరలాడేది. అది ప్రమాదం ఉందని చెప్పేది, ఎక్కడుందో చెప్పేది కాదు. ఈ ట్రాకర్ ఎక్కడుందో చెబుతుంది, సగమే చెబుతుంది, దానికి మూల్యం కూడా వసూలు చేస్తుంది.

ఎత్తు విషయం ఇంకాస్త చెప్పుకోవాలి. మన చెవులు కుడి ఎడమలను బాగా పట్టుకుంటాయి. ఒక పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందుగా, దూరపు చెవికి మిల్లీసెకనులో సగానికి కాస్త ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది. మెదడుకు ఆ తేడా చాలు. పైనుంచా కిందనుంచా అన్నది తేల్చడానికి మాత్రం చెవి డొప్ప ఆకారం శబ్దంలో తెచ్చే మార్పుల మీద ఆధారపడాలి. హెడ్‌ఫోన్స్‌లో ఆ ఆధారం చాలావరకు పోతుంది, గదిలో ఎదురుగా పెట్టిన స్పీకర్లలోనూ అంతే. ఏలియన్ తిరిగే దారులు ఎక్కువగా పైకప్పులోనే ఉన్నాయి. చెవికి బలహీనమైన దిక్కు, ట్రాకర్‌కు కనపడని దిక్కు, ముప్పు వచ్చే దిక్కు ఈ గేమ్‌లో ఒకటే. అందుకే వెంట్ చప్పుడు వినగానే పైకి చూడాలనిపిస్తుంది, చూసినా నమ్మకం కలగదు. ఇక్కడ నమ్మదగిన గుర్తు ఒకటుంది: తెరుచుకున్న వెంట్ నోటి నుంచి చొంగ కారుతుంటే అది లోపలే కాచుకుని ఉంది. ఆ కింద నుంచి నడిస్తే అక్కడితో సరి. చుట్టూ తిరిగి వెళ్లండి.

ఏలియన్ తిరుగుడు ముందే గీసిన దారుల్లో సాగదు. దాన్ని నడిపే ప్రోగ్రామ్‌లో రెండు పొరలున్నాయి. పైపొరకు మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు, కానీ అది ఏలియన్‌కు కచ్చితమైన చోటు చెప్పదు, ఫలానా ప్రాంతంలో వెతకమని మాత్రమే సూచిస్తుంది. అక్కడికి చేరాక కళ్లు, చెవులు వాడాల్సింది ఏలియనే. అది మీ చుట్టుపక్కల ఎంతసేపు తచ్చాడింది, ఎంత దగ్గరికి వచ్చింది అన్న లెక్క కూడా పైపొరే చూసుకుంటుంది. ఒత్తిడి హద్దు దాటితే దాన్ని మళ్లీ వెంట్‌లోకి పంపించి మీకు కాస్త ఊపిరి ఇస్తుంది. ఊపిరి ఆడిందనుకున్న వేళకు మళ్లీ దింపుతుంది. ఇంకో మాట: ఏలియన్ ప్రవర్తనలో కొన్ని భాగాలు మొదట్లో తాళం వేసి ఉంటాయి, ఆట సాగేకొద్దీ తెరుచుకుంటాయి. ఆటగాడికి మాత్రం అది తనను చూసి నేర్చుకుంటున్నట్టే ఉంటుంది. ఈ భ్రమ ఆటకు గొప్ప బలం, ఎందుకంటే నిన్న పనిచేసిన ఉపాయం మీద ఇవాళ నమ్మకం ఉండదు.

చేతులు ఖాళీగా ఉంచకపోవడం రెండో ఎత్తుగడ. తలుపు తెరవాలంటే లివర్ పట్టుకుని లాగాలి, ప్లాస్మా టార్చ్‌తో కోయాలి, లేదా హ్యాకింగ్ పరికరంలో ఫ్రీక్వెన్సీ కుదిర్చి గుర్తులు జతచేయాలి. ఈ పనులన్నిటిలో చూపు చిన్న తెరకు అతుక్కుపోతుంది, ఆట ఆగదు. చప్పుడుతో దృష్టి మళ్లించే నాయిస్‌మేకర్, పొగబాంబు, మెడికిట్ తయారు చేసుకునేటప్పుడు కూడా కాలం నడుస్తూనే ఉంటుంది. కళ్లను ఒకచోట కట్టేసినప్పుడు వెనకవైపు కాపలా చెవులకే వదిలేయాలి కదా. సేవ్ చేయడం కూడా అంతే. గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్‌లో కార్డు పెట్టాక దీపాలు ఒకటొకటిగా వెలిగే దాకా కొన్ని సెకన్లు నిలబడాలి. ఆ లోపు వెనక నుంచి పొడిచినా దిక్కులేదు. హారర్ గేముల్లో సేవ్ గది అంటే విశ్రాంతి అని అలవాటు పడ్డవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. చాలా మంచి దెబ్బ.

లాకర్‌లో దాక్కున్నప్పుడు ఏలియన్ తలుపు దగ్గరికొచ్చి వాసన చూసినట్టు ఆగితే, వెనక్కి ఒదిగి ఊపిరి బిగబట్టాలి. ఎక్కువసేపు బిగబడితే ప్రాణం తగ్గుతూ పోతుంది. అలాగని అలికిడి రాగానే లాకర్‌లోకి దూరడం అలవాటు చేసుకోవద్దు. బల్ల, స్ట్రెచర్ కింద నుంచైతే దాని కాళ్లు కనిపిస్తాయి, అవి ఎటు వెళుతున్నాయో చూసి రెండో వైపుకు జరగొచ్చు.

నాయిస్‌మేకర్‌ను మీ దారికి ఎదురుగా కాకుండా వెనక వదిలిన గదిలోకి విసరండి. సాయుధులైన మనుషులు దారి కాస్తుంటే వాళ్ల మధ్యకు విసిరితే మిగతా పని ఏలియన్ చేస్తుంది. కానీ పని ముగిశాక అది ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి ముందే దాక్కునే చోటు చూసుకోవాలి. గోడల మీది వైరింగ్ పెట్టెల్లో కరెంటు మళ్లించి స్పీకర్లు మోగించొచ్చు, గాలి శుద్ధి ఆపి కారిడార్‌ను పొగమయం చేయొచ్చు. ఎక్కువమంది ఈ పెట్టెలను పట్టించుకోకుండా దాటేస్తారు, అది నష్టం. ఫ్లేమ్‌త్రోయర్ వచ్చాక ధైర్యం వస్తుంది. చిన్న మంట ఒక్కటి, ఏలియన్ మీదికి వస్తున్నప్పుడు మాత్రమే. దూరంగా ఉన్నప్పుడు ఊరికే కాలిస్తే ఇంధనం పోతుంది. పైగా తరచూ కాలిస్తే అది వెనక్కి తగ్గడం తగ్గుతుంది.

సంగీతం గురించి ఒక అభ్యంతరం ఉంది. జెర్రీ గోల్డ్‌స్మిత్ 1979 నాటి సినిమాకు కట్టిన సంగీతాన్ని ఆధారం చేసుకుని చేయించిన స్వరాలు అద్భుతం. అవి పొరలు పొరలుగా, ఏలియన్ దగ్గరయ్యేకొద్దీ పెరుగుతాయి. సమస్య కూడా అదే. కాసేపటికి తీగ వాద్యాల కూత విని దూరం అంచనా వేయడం వచ్చేస్తుంది, ట్రాకర్ ఎత్తాల్సిన అవసరం తగ్గుతుంది. ఆడియో సెట్టింగ్స్‌లో సంగీతాన్ని సగానికి దించితే గోడల్లోని ఆవిరి, పాత యంత్రాల గరగర, దూరపు లోహపు చప్పుడు పైకి వస్తాయి. వాటిలో ఏది యంత్రం, ఏది పాకేది అన్న సందేహమే అసలు ఆట. పూర్తిగా తీసేయకండి, కొన్ని సన్నివేశాలు సంగీతం మీదే నిలబడ్డాయి.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఖరీదైనవి అక్కర్లేదు. మామూలు స్టీరియో చాలు. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఒకేసారి సరౌండ్ ఆన్ చేస్తే శబ్దం రెండుసార్లు వడకట్టుకుని దిక్కులు అలుక్కుపోతాయి. ఏదో ఒకటే ఉంచండి. బాస్ పెంచే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోండి. ఇంజిన్ల హోరులో వెంట్ చప్పుడు మునిగిపోతుంది. ఎక్స్‌బాక్స్ వన్‌లో కినెక్ట్ సెన్సర్, ప్లేస్టేషన్ 4లో కెమెరా ఉంటే గదిలోని నిజమైన శబ్దాన్ని కూడా ఏలియన్ వినేలా పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ లేకుండా ఇది ఆన్ చేస్తే టీవీ శబ్దమే మైక్‌లోకి వెళ్లి మిమ్మల్ని పట్టిస్తుంది.

స్టేషన్ పనులు చూసే వర్కింగ్ జో ఆండ్రాయిడ్లది, అంటే మనిషి రూపంలోని రోబోలది, వేరే రకం భయం. వాళ్లు పరుగెత్తరు, అరవరు. మర్యాదగా, ఒకే స్థాయి గొంతుతో మాట్లాడుతూ మీ మెడ పట్టుకుంటారు. ఏలియన్ దగ్గర నిశ్శబ్దం భయపెడితే వీళ్ల దగ్గర మాట భయపెడుతుంది. మామూలు జోలను ఎలక్ట్రానిక్ పరికరాలను స్తంభింపజేసే ఈఎంపీ మైన్‌తో ఆపొచ్చు, రక్షణ సూట్ వేసుకున్న వాళ్ల మీద అది పనిచేయదు. షాట్‌గన్, బోల్ట్‌గన్ వాళ్ల కోసం దాచుకోండి.

పెద్ద లోపం మాత్రం ఒక్కటే: నిడివి. మొత్తం 18 మిషన్లు. అయిదో మిషన్‌లోని ఆసుపత్రి భాగం హారర్ గేముల్లోనే అత్యుత్తమమైన వాటిలో ఒకటి. ఇరుకు కారిడార్లు, వెతకాల్సిన కోడ్, మొదటిసారి స్వేచ్ఛగా తిరిగే ఏలియన్. ఆ ఎత్తు నుంచి ఆట రెండో సగంలో చాలాసార్లు జారుతుంది. తిరిగిన చోట్లకే మళ్లీ తిరగడం, ఒక స్విచ్ వేస్తే ఇంకో స్విచ్ చెడిపోవడం. భయం నిలవాలంటే తెలియనిది కొంత మిగిలి ఉండాలి. ఒకే గదిలో నాలుగైదుసార్లు చచ్చాక అక్కడ ప్రతి చప్పుడూ తెలిసినదే, మిగిలేది విసుగు. 2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ ఇక్కడ తెలివిగా ప్రవర్తించింది. గోడల అవతల నుంచి బరువైన బూట్ల చప్పుడుతో వెంటాడే మిస్టర్ ఎక్స్‌ను ఆటలో కొంత భాగానికే పరిమితం చేసింది.

కష్టం స్థాయి హార్డ్ ఎంచుకోండి, తయారీదారులు సిఫార్సు చేసిందీ అదే. ఒకే గదిలో పదేపదే చస్తుంటే సిగ్గుపడకుండా మీడియంకు మార్చండి, విసుగు కన్నా అది నయం. నైట్‌మేర్ స్థాయిలో ట్రాకర్ పాడైపోయి ఉంటుంది, సరుకులు తక్కువ. రెండోసారి ఆడేవాళ్లకే అది తగినది. నింటెండో స్విచ్‌కు 2019లో, ఫోన్లకు 2021లో ఫెరల్ ఇంటరాక్టివ్ సంస్థ తెచ్చిన కూర్పుల్లో అదనపు భాగాలన్నీ కలిసే వస్తాయి, స్విచ్‌లో పరికరాన్ని వంచి గురిపెట్టే సదుపాయమూ ఉంది. ఫోన్‌లో ఆడాలనుకుంటే వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మామూలు బ్లూటూత్ వాటిలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. దబ్బున దిగిన చప్పుడు మీకు వినిపించే సరికి అది నేల మీద అడుగు వేసేసి ఉంటుంది.