లేయర్ కోళ్లకు మేత తగ్గించి చూశాను: మూడు బ్యాచ్‌ల అనుభవం

గుడ్ల ఉత్పత్తి ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది కాబట్టి, అందులో కొంత కోత వేస్తే ఆ మేరకు మిగులుతుందన్న ఆశ కోళ్లు పెంచేవారికి ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. నాకూ కలిగింది. నాలుగేళ్లలో మూడు బ్యాచ్‌ల మీద మూడు రకాలుగా ప్రయత్నించాను.

మొదటి బ్యాచ్‌లో కోడికి రోజుకు 110 గ్రాములు పెట్టే దాణాను పది శాతం తగ్గించాను. తొలి రెండు వారాలు తేడా ఏమీ కనిపించలేదు. నన్ను మోసం చేసింది అదే. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరుగుతున్నంత కాలం పెట్ట గుడ్డు పెడుతూనే ఉంటుంది. ఆ తరువాత ముందు గుడ్డు బరువు, దాని వెనుకే గుడ్ల సంఖ్య తగ్గాయి. పెంకులు కూడా పలచబడ్డాయి. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, లేయర్ దాణాలో ఉండేది 3.5 నుంచి 4 శాతమే, అందులోనూ పెట్టకు ఒంటపట్టేది కొంత భాగమే. అందువల్ల మేత తగ్గించినప్పుడు కాల్షియం కూడా తగ్గి, రాత్రివేళ పెంకు కట్టడానికి పెట్ట తన ఎముకల నుంచే ఎక్కువగా తీసుకోవలసి వచ్చింది. పైగా బలమైన పెట్టలు తొట్టి దగ్గర ముందే కడుపు నింపుకునేవి, కోత మొత్తం బెదురు పెట్టల మీద పడేది.

రెండో బ్యాచ్‌లో, గుడ్ల దిగుబడి పతాక స్థాయి దాటాక, ఐదు శాతమే తగ్గించి, తగ్గిన మేతలోనే మాంసకృత్తులూ కాల్షియమూ సరిపోయేలా దాణా కలిపించాను. కొవ్వు పట్టిన పెట్టలు తగ్గిన మాట నిజం. కానీ వేసవిలో కోళ్లు వాటంతట అవే తక్కువ తింటాయి. దాని మీద నా కోత కూడా తోడవడంతో నష్టం కనిపించి, మధ్యలోనే మానేశాను. మాంసపు జాతి తల్లికోళ్లకు మేత నియంత్రణ తప్పనిసరి అని విని దానిని లేయర్లకూ వర్తింపజేయడం నా పొరపాటు. ఆ మాంసపు జాతి కోళ్ల ఆకలి అవసరానికి మించినది. లేయర్ పెట్ట చాలావరకు తనకు కావలసిన శక్తిని బట్టి తింటుంది.

మూడో బ్యాచ్‌లో పరిమాణాన్ని ముట్టుకోకుండా వేళలను మాత్రమే మార్చాను. మధ్యాహ్నం రెండు మూడు గంటలు తొట్లు ఖాళీ అయ్యేలా చూస్తే, ఏరుకుని తినగా అడుగున మిగిలే, ఖనిజాలూ విటమిన్లూ ఉండే పొడిని కూడా కోళ్లు తినేస్తాయి. సాయంత్రం ఎక్కువ భాగం మేతతో పాటు ముతక సున్నపురాయి ముక్కలు వేస్తాను. అవి నెమ్మదిగా కరుగుతూ రాత్రి పెంకు కట్టే సమయానికి అందుతాయి. దాణా వృథా తగ్గింది, పెంకు గట్టిపడింది. ఈ పద్ధతినే కొనసాగిస్తున్నాను.

అయితే దీనిని రోజంతా పస్తు పెట్టడంతో కలపకూడదు. మేత పూర్తిగా ఆపితే అండాశయం ముడుచుకుపోయి, ఈకలు రాలి, గుడ్లు ఆగిపోతాయి.

ఇప్పటికీ వారానికోసారి కొన్ని పెట్టలను తూస్తాను. సగటును పక్కన పెట్టి, అన్నిటికన్నా తేలికగా ఉన్న పెట్టల బరువును చూసే మరుసటి వారం మేత నిర్ణయిస్తాను.