రిపేరు తర్వాత బ్రేకు మెత్తబడిందా? దేవరకొండ రోడ్డు షెడ్డు మెకానిక్ భాయ్‌కి చూపించండి

నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ భాయ్ గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసొప్పదు.

నేను తిప్పర్తి వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పానగల్ నుంచి రోజూ నా 2013 మోడల్ డీజిల్ స్విఫ్ట్‌లోనే వెళ్లొస్తాను. అద్దంకి రోడ్డు సంగతి తెలిసిందే. మిర్యాలగూడ బియ్యం లారీలు, వాడపల్లి సిమెంటు లారీలు. బ్రేకు మీద నమ్మకం లేకుండా ఆ దారిలో బండి తీయలేం.

పోయిన నెల టౌన్‌లో వేరే చోట ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాను. ప్యాడ్లను చక్రం డిస్కుకు నొక్కే క్యాలిపర్లు పట్టేస్తున్నాయంటే రెండు వైపులా రబ్బరు కిట్లు కూడా మార్పించాను. 5,200 అయింది. తెచ్చుకున్న రోజే తేడా తెలిసింది. మొదటిసారి తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే గట్టిపడుతుంది. మళ్లీ తీసుకెళ్తే "కొత్త ప్యాడ్లు, సెట్ కావాలె" అన్నారు. రెండుసార్లు ఎయిర్, అంటే బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలి తీశారు. మూడోసారి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరే పోయిందన్నారు. ఆ సాయంత్రమే తిప్పర్తి దగ్గర ముందున్న లారీ ఆగితే నా పెడల్ అడుగుకు దిగిపోయింది. గబగబా రెండుసార్లు తొక్కి, హ్యాండ్‌బ్రేక్ లాగితే మూరెడు దూరంలో ఆగింది. చాలాసేపు చేతులు వణికాయి.

మా లెక్కల సార్ ఈ భాయ్ నంబరిచ్చారు. ఫోన్లో మొత్తం విని ఆయన అన్న మొదటి మాట: "బండి తీయకండి మేడం, నేనే వస్త." మర్నాడు పొద్దున్నే ఒక పిల్లవాణ్ని వెంటబెట్టుకుని బైక్ మీద మా ఇంటికొచ్చారు.

వచ్చీరాగానే స్పానర్ పట్టలేదు. రిపేరుకు ముందు పెడల్ ఎట్లుండె, ఏమేమి విప్పారు అని అడిగారు. ఇంజన్ ఆపి ఐదారుసార్లు పెడల్ తొక్కించి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయమన్నారు. పెడల్ కొంచెం కిందికి దిగింది, అంటే మన తొక్కుకు బలం జోడించే బూస్టర్ బాగుందట. తర్వాత గట్టిగా తొక్కిపెట్టి ఉంచమన్నారు. కాలి కింద పెడల్ నెమ్మదిగా జారిపోలేదు. "సిలిండర్ మంచిగనే ఉంది మేడం, దాన్ని ముట్టుకోవద్దు." నేను మార్పించబోయింది దాన్నే! బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గలేదు, చక్రాల దగ్గర తడి లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగి తొక్కినా పెడల్ పైకి రాలేదు కాబట్టి వెనక చక్రాల బ్రేకు షూల లూజు కూడా కాదన్నారు.

అప్పుడు ముందు చక్రం విప్పారు. ఎయిర్ తీసే నిప్పల్ క్యాలిపర్‌కు పైభాగంలో ఉండాలి. మా బండికి అడుగున ఉంది! కిట్లు వేసేటప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించేశారు. "గాలి పైకే పోతది కద మేడం, కిందున్న నిప్పల్‌కెల్లి ఎట్ల బయటికొస్తది?"

నేను పదేళ్లుగా పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పైన చిక్కిన ఆ కాస్త గాలిని నొక్కడానికే నా మొదటి తొక్కు ఖర్చయిపోతోంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా అది అక్కడే ఉంటుంది.

రెండు క్యాలిపర్లనూ విప్పి, దేని వైపుకు దాన్ని మార్చి బిగించారు. పైపు బోల్టులకు పాత రాగి వాషర్లు పడేసి కొత్తవి నాలుగు వేశారు. బ్రేక్ ఆయిల్ సీలు నా ముందే విప్పారు, తెరిచిన డబ్బా గాల్లో తేమ పీలుస్తుందని మిగిలింది దాచుకోమనలేదు. ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగింటికీ ఎయిర్ తీశారు. ముందు చక్రాల దగ్గర పారదర్శకపు పైపులో బుడగలు వరసగా రావడం చూస్తే కోపమూ వచ్చింది, ప్రాణం తెరిపినా పడింది. ఉదయసముద్రం వైపు ఖాళీ రోడ్డు మీద మెల్లగా, తర్వాత 40 స్పీడులో ఆపి చూసి, ఆ తర్వాతే తాళం నా చేతికిచ్చారు. ఆయిల్, వాషర్లు, ఇంటికి రావడం అన్నీ కలిపి 1,400 మాత్రమే తీసుకున్నారు.

లోటు కూడా చెప్పాలి. బిల్లు ఇవ్వరు, అడిగితే చిన్న చీటీ రాసిచ్చారు. చేతిలో పని ఉంటే ఫోన్ ఎత్తరు, నేను మూడుసార్లు చేశాను. షెడ్డు దగ్గర కూర్చోవడానికి నీడ లేదు, ఎండాకాలం ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు కష్టం. ఒక కుర్చీ వేయమని చెప్పాను.

ఆదివారం కూడా ఉంటారు. శుక్రవారం మాత్రం నమాజుకు వెళ్తారు, మధ్యాహ్నం 3 దాటాక వెళ్లండి. మీ బండి పెడల్ కూడా ఇలాగే దిగుతుంటే నడుపుకుంటూ వెళ్లకండి, ఫోన్ చేసి ఇంటికే రమ్మనండి.