బీప్‌ను నమ్మి వైరింగ్ బాగుందన్నాను: ఏడేళ్లు వాడిన మల్టీమీటర్ గురించి

కోఠి గుజరాతీ గల్లీలో 2018లో 220 రూపాయలకు కొన్న పసుపు రంగు మల్టీమీటర్ ఇది. పైన ఏ కంపెనీ పేరూ లేదు. వోల్టులు, కరెంటు, ఓంలు కొలిచే పరికరమని చాలామందికి తెలిసిందే కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. కొన్న ఆరు నెలలకే మా ఆఫీసులో పాత బండ్లున్న నలుగురి చేత ఇదే కొనిపించాను, అదీ కేవలం దాని బీప్ కోసం. తీగకు ఆ కొసన ఒక పిన్ను, ఈ కొసన ఒక పిన్ను పెట్టాలి. కుయ్‌మంటే తీగ బాగున్నట్టు, నోరు మూసుకుంటే తెగినట్టు. అంకెలంటే భయపడేవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ నన్ను 'బీప్ మేడం' అనే పిలుస్తారు. పోయినేడాది నుంచి ఆ పేరు కాస్త గుచ్చుకుంటోంది.

బండి నాన్నది. 2005 మోడల్, కార్బురేటర్, కిక్కు, సెల్ఫ్ రెండూ ఉన్నాయి. ఆయన మోకాళ్లు మొరాయించాక నాకొచ్చింది. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను వాన ముంచేసినప్పుడు ఈ బండి టోలిచౌకి నదీమ్ కాలనీలో, మా అత్త వాళ్ల సెల్లార్‌లో ఉంది. నీళ్లు పోయాక తోసుకుంటూ బయటికి తెస్తే సీటు మీద బురద గీత కనిపించింది. ఆయిల్ మార్పించాం, కార్బురేటర్ కడిగించాం, నాలుగు రోజులు ఎండలో పెట్టాం. స్టార్టయింది. నాన్న ట్యాంకు మీద తట్టి 'గట్టి పిండం' అన్నారు. వైర్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఏడాదిన్నర తర్వాత మొదలైంది అసలు రోగం. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు హెడ్‌లైట్ కూడా కన్నుకొట్టేది. హార్న్ జలుబు చేసినట్టు మూలిగేది. సెల్ఫ్ నొక్కితే ఒక్కోసారి 'టక్' అని ఊరుకునేది, ఇంకోసారి అది కూడా లేదు. తోవలో గుంత తగిలితే అన్నీ మామూలైపోయేవి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే దాకా ఉండి అక్కడికి చేరగానే బాగైపోయే రకం. పిల్లల జ్వరం లాంటిది.

మొదటి మెకానిక్ బ్యాటరీ అన్నాడు, మార్చాం. పదినెలలకు మళ్లీ అదే పాట, మళ్లీ బ్యాటరీ. ఇంకో మెకానిక్ సెల్ఫ్ రిలే మార్చాడు. మూడో ఆయన చూడకుండానే 'వైరింగ్ మొత్తం మార్చాలె' అన్నాడు. ప్రశ్న నేనడిగితే జవాబు పక్కనున్న నాన్నకు చెప్పాడు. అప్పుడు పట్టుదల వచ్చింది. ఒక ఆదివారమంతా కూర్చుని ట్యాంకు, సీటు విప్పి, ఫ్యూజు నుంచి హెడ్‌లైట్ దాకా, ఇగ్నిషన్ కీ కప్లర్ (తీగలు కలిసే ప్లగ్గు) నుంచి హార్న్ దాకా ప్రతి తీగకూ బీప్ కొట్టాను. అన్నీ మోగాయి. హ్యాండిల్ దగ్గరి ఎర్త్ తీగకూ (కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే తీగ) బ్యాటరీ మైనస్‌కూ మధ్య కూడా మోగింది, శుభ్రంగా, గట్టిగా. సాయంత్రానికి వైరింగ్ బాగుందని నాన్నకు ధీమాగా చెప్పేశాను.

పోయినేడు జూలైలో రాత్రి తొమ్మిదిన్నరకు మెహదీపట్నం నుంచి వస్తున్నాను. సన్నగా వాన. అత్తాపూర్ దగ్గర ఇండికేటర్ వేసి ఎడమకు తిప్పేసరికి ఇంజన్ సహా మొత్తం ఆగిపోయింది. వెనక బస్సు వాడు హార్న్ కొడుతుంటే ఫ్లైఓవర్ పిల్లర్ల కిందికి తోశాను. కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాచింది. సీటు కింది నుంచి మీటర్ తీసి బ్యాటరీ మీద పెడితే 12.6. బ్యాటరీ నిక్షేపంలా ఉంది, బండి మాత్రం శవంలా ఉంది. ఫోన్ లైటు నోట్లో కరుచుకుని మళ్లీ బీప్ కొట్టుకుంటూ పోయాను. మళ్లీ అన్నీ మోగాయి. నా చేతిలోని వస్తువు నాతో అబద్ధమాడుతోందన్న అనుమానం మొదటిసారి అక్కడే వచ్చింది. చివరికి తమ్ముడికి పిల్లర్ నంబరు చెబితే వచ్చి, తన స్కూటర్ మీద కూర్చుని కాలుతో నా బండిని నెట్టుకుంటూ ఇల్లు చేర్చాడు.

మర్నాడు నాన్న పాత బిస్కెట్ డబ్బాలోంచి ఒక సరంజామా తీశారు. 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు, దానికి టంకం పెట్టిన రెండు తీగలు, కొసన మొసలి క్లిప్పులు. ఆయన ఉద్యోగంలో ఉన్న కాలం నాటిది. 'కీ ఆన్ చేసి హెడ్‌లైట్ వేసి ఉంచు బిడ్డా' అన్నారు. రాత్రి చచ్చిన హెడ్‌లైట్ పొద్దున నీరసంగానైనా వెలిగింది. నాన్న ఒక క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెడితే బల్బు తెల్లగా వెలిగింది. అదే రెండో క్లిప్పును హ్యాండిల్ దగ్గరి ఎర్త్ తీగకు పెడితే నారింజ రంగుకు దిగిపోయింది. 'దొరికింది' అనేసి టీ తాగడానికి వెళ్లిపోయారు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆరేళ్లుగా నేను మోస్తున్న మీటర్‌కు తెలియనిది ఆ బల్బుకెలా తెలిసింది? తర్వాత ఆలోచిస్తే, మీటర్‌కు కూడా తెలుసు, నేనే తప్పు ప్రశ్న అడిగానని అర్థమైంది. బీప్ కోసం మీటర్ తీగలోకి పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. మధ్యలో కొన్ని పదుల ఓంల అడ్డున్నా ఈ రకం మీటర్ మోగేస్తుంది. ఇరవై పోగుల తీగలో రెండు పోగులు బతికున్నా దానికి చాలు. బండికి అలా చాలదు. హెడ్‌లైట్ వేసి బ్రేక్ నొక్కితే ఆ ఎర్త్ తీగ గుండా 5 ఆంపియర్ల దాకా పోవాలి. అక్కడ అర ఓం అడ్డున్నా రెండున్నర వోల్టులు హరీ. నాన్న బల్బు తీగ మీద నిజమైన బరువు పెట్టింది కాబట్టి దానికి తెలిసిపోయింది.

అప్పుడు మీటర్‌ను బీప్ మీది నుంచి 20 వోల్టుల డీసీకి తిప్పాను. నాన్నను పిలిచి బండెక్కించి, హెడ్‌లైట్ వేసి బ్రేక్ నొక్కి పట్టుకోమన్నాను. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పిన్ను హ్యాండిల్ ఎర్త్ మీద. రెండూ ఎర్త్‌లే కాబట్టి సున్నా రావాలి. 0.1, 0.2 వచ్చినా సరే. వచ్చింది 2.4. లైట్లన్నీ ఆపితే 0.00. అంటే కరెంటు పారితేనే బయటపడే రోగం. ఎర్ర పిన్నును కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకుంటూ వచ్చాను. ట్యాంకు కింద ఫ్రేమ్‌కు బోల్టు వేసిన లగ్గు (తీగ కొసన నొక్కిన లోహపు రింగు) దాకా 2.3, లగ్గు దాటి ఫ్రేమ్ మీద పెడితే 0.04. ఆ జానెడు దూరంలోనే నా రెండు బ్యాటరీలు, ఒక రిలే మునిగిపోయాయి.

తీగ పైతొడుగు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. కత్తితో చీలిస్తే లోపలంతా పచ్చటి చిలుము. లగ్గులో నొక్కిన చోట రాగి పొడిపొడిగా రాలింది. నదీమ్ కాలనీ నీళ్లు నాలుగేళ్లపాటు అక్కడ కూర్చుని మెల్లగా తిన్నాయన్నమాట. సెల్ఫ్ మోటారుకు పోయే లావు తీగ వేరు, దానికేం కాలేదు. కానీ ఆ మోటారును లేపే రిలే, ఇంజన్‌కు స్పార్క్ ఇచ్చే సీడీఐ, లైట్లు, హార్న్ అన్నీ ఈ ఒక్క లగ్గు మీదే వేలాడుతున్నాయి. అందుకే అన్నీ కలిసి మూలిగాయి, అన్నీ కలిసి చచ్చాయి. తీగను మంచి రాగి తగిలే దాకా వెనక్కి కోసి, కొత్త లగ్గు నొక్కి, టంకం పెట్టి, ఫ్రేమ్ మీది పెయింటు ఉప్పు కాగితంతో గీకి బిగించాను. మళ్లీ చూస్తే 0.06. ఖర్చు పదిహేను రూపాయలు. ఆ రాత్రి హెడ్‌లైట్ వెలుతురు చూసి ఎదురింటివాళ్లు బల్బు మార్చావా అని అడిగారు.

కాబట్టి ఈ మీటర్ మీద నా పాత పొగడ్తను కొంచెం సవరించుకుంటున్నాను. బీప్ తెగిన తీగను పట్టిస్తుంది, ఫ్యూజు పోయిందో లేదో చెబుతుంది, అంతవరకే. తెగకుండా నీరసించిన తీగను పట్టాలంటే లైటు వేసి వోల్టులు చూడాల్సిందే. ఆ పనిలో ఈ చవక మీటర్‌కు వంక పెట్టలేను. రెండు వేల రూపాయల మీటర్‌తో తమ్ముడు పక్కన పెట్టి చూస్తే 0.01 తేడా వచ్చింది.

వంక పెట్టాల్సింది ఇంకోచోట ఉంది. రెండేళ్ల కిందట ఇంజన్ రేజ్ చేసి బ్యాటరీ మీద చూస్తే 16.8 వచ్చింది. 14.5 దాటకూడదు, 15 పైన పోతే బ్యాటరీ ఉడికిపోతుంది. ఛార్జింగ్ వోల్టులను అదుపులో ఉంచే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్) పోయిందనుకుని రాణీగంజ్ పరిగెత్తి కొత్తది తెచ్చి బిగించాను. మళ్లీ 16.8. తీరా చూస్తే అరిగిపోయింది మీటర్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ. అది నీరసించేకొద్దీ ఈ మీటర్ తక్కువ చూపించదు, ఎక్కువ చూపిస్తుంది! కొత్త బ్యాటరీ వేస్తే 14.2. స్క్రీన్ మూలన హెచ్చరిక గుర్తు రావాలి కదా అంటారేమో, నాదాంట్లో రాలేదు. ఇప్పుడు ప్రతిసారీ ముందు ఒక కొత్త పెన్సిల్ సెల్లును కొలుస్తాను. ఒకటిన్నర, 1.6 దగ్గర చూపిస్తే సరే. 1.9 అంటే మీటర్‌కు మందు పడాలి. ఆ పాత ఆర్‌ఆర్ యూనిట్ ఇంకా అలమారలో ఉంది, నాన్నకు చెప్పలేదు.

ఇదంతా నా బండి లెక్క. దీని హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలుగుతుంది. చాలా పాత బండ్లలో అది నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది, ఇంజన్ ఆడకపోతే వెలగనే వెలగదు. అక్కడ ఏసీలో కొలవాలి, కథ వేరు. ఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి ఉన్నవాళ్లు నాన్న బల్బు విద్య చూసి ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ తీగలకు తగిలించకండి, బల్బు లాగే కరెంటుకు లోపలివి కాలిపోవచ్చు. ఇంట్లో స్విచ్‌బోర్డు దగ్గరికి మాత్రం ఈ మీటర్‌ను నేను తీసుకెళ్లను. 230 వోల్టుల ముందు 220 రూపాయల వస్తువును పెట్టేంత ధైర్యం లేదు. పాత బండి, ఆదివారం ఖాళీ, ఇంట్లో బల్బున్న తండ్రి, ఈ మూడూ ఉంటే కొనొచ్చు. మూడోది లేకపోయినా వందలోపే బల్బు సరంజామా చేసుకోవచ్చు.

పోయిన నెల మీటర్ ఎర్ర తీగ కూడా పిన్ను మొదట్లో తెగింది. వంచి పట్టుకుంటేనే పలుకుతోంది, అచ్చం బండి రోగమే. గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త తీగల జత అడిగితే 'చెక్ చేసిచ్చాం మేడం, ఫికర్ చెయ్యకండి' అన్నాడు కొట్టాయన. నా చెయ్యి ఆగలేదు. కౌంటర్ మీదే మీటర్ తీసి, కొత్త పిన్నులు రెండూ కలిపి బీప్ కొట్టి చూశాను.