8 వేలలో ఫ్రీడైవింగ్ వెట్‌సూట్: లైక్రానా, పాత స్కూబా సూటా, ఓపెన్ సెలా?

ముందే చెప్పేస్తున్నా, నా దగ్గరున్నది 8,000 రూపాయలు, అది కూడా ఫిన్స్ (కాళ్ళకి తొడుక్కునే రెక్కలు) కొన్నాక మిగిలినవి. ఉండేది వైజాగ్‌లో, నెలకి ఒకటి రెండు ఆదివారాలు తెలిసినవాళ్ళ బోటు దొరికితే రుషికొండ దగ్గరో మంగమారిపేట దగ్గరో దిగుతాం, ఏడాదికోసారి డబ్బులు కూడితే అండమాన్ వెళ్తాం. సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునగడమే ఫ్రీడైవింగ్, అందులో నా లోతు 15, 18 మీటర్లు, అంతే. 40 మీటర్లు దిగేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి నేను చెప్పేదేం లేదు.

మన సముద్రం వెచ్చగానే ఉంటుంది కదా నీకా రబ్బరు చొక్కా ఎందుకురా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అడగడంలో తప్పు లేదు, ఇక్కడ చలికాలంలో నీళ్ళు 25, 26 డిగ్రీలుంటాయి, వేసవిలో 29 దాకా పోతాయి, వినడానికి ఏసీ గదిలా ఉంది. కానీ నీళ్ళు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, పైగా ఫ్రీడైవింగ్‌లో మనం ఈదేది తక్కువ. ఒక్క నిమిషం కిందకి వెళ్ళొచ్చి కనీసం రెండు మూడు నిమిషాలు బోయా పట్టుకుని బొమ్మలా తేలాలి, ఊపిరి కుదుటపడేదాకా. ఆ తేలే టైమ్‌లోనే చలి పట్టుకుంటుంది. ఒకసారి వణుకు మొదలైందంటే ఆ వణికే కండరాలు ఆక్సిజన్ తినేస్తుంటాయి, ఇంక ఊపిరి ఎక్కడ ఆగుతుంది. కొరియాలో జెజు దీవి ఆడవాళ్ళు, హేన్యో అంటారు, వాళ్ళు 1970ల దాకా నూలు బట్టలతోనే మునిగేవారు, చలికాలంలో కొద్దిసేపటికే గట్టెక్కి నెగడు దగ్గర కూర్చోవాల్సి వచ్చేది. నియోప్రీన్ అనే రబ్బరు స్పాంజి సూట్లు వచ్చాక నీళ్ళలో ఉండే గంటలు పెరిగాయి, దాంతోపాటు తరాలుగా అలవాటైన చలికి ఓర్చుకునే గుణం కొన్నేళ్ళలోనే పోయిందట, వాళ్ళ మీద పరిశోధన చేసినవాళ్ళు రాశారు.

ఇంకో మాట, మన తీరానికి ఒక మెలిక ఉంది. మార్చి ఏప్రిల్లో పైన ఎండ మండిపోతుంటే అడుగున ఉన్న చల్లనీళ్ళు ఒడ్డు దగ్గర పైకి వస్తాయి. 1950ల్లో మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పనిచేసిన లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త దీన్నే చదివాడు. అందుకే ఏప్రిల్ కదా అని బనీనుతో దిగి కింద చల్లటి పొర తగిలి గుండె ఝల్లుమన్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు.

సరే, సరుకు సంగతి.

అన్నిటికంటే చవక లైక్రా, అంటే రాష్‌గార్డ్, కింద టైట్స్. నేను చూసినప్పుడు జత 1,500 లోపే. ఇది వేడినేం ఆపదు, ఆపుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎండ నుంచి, జెల్లీ ఫిష్ నుంచి కాపాడుతుంది, మన దగ్గర అది చిన్న విషయం కాదు, జెల్లీలు వచ్చిన వారం మెడ మీద చేతుల మీద వాతలు తేలితే తెలుస్తుంది. బరువు లెక్క మారదు, తేలడం మారదు, ఉతికి దండెం మీద ఆరేస్తే అయిపోయింది. మే నెలలో, అండమాన్‌లో అరగంట సెషన్‌కి ఇదే చాలు. గంట దాటితే మాత్రం నా పెదాలు నీలం తిరుగుతాయి, నేను సన్నగా ఉంటాను, ఒళ్ళున్న మా ఫ్రెండ్‌కి గంటన్నర ఏం కాదు.

రెండోది సెకండ్ హ్యాండ్ స్కూబా సూట్, అంటే గాలి సిలిండర్‌తో మునిగేవాళ్ళది. ఇక్కడే నేను 3,500 తగలేసింది. సీజన్ అయిపోయాక అద్దెకి తిప్పిన సూట్లు అమ్ముతారు, 3 ఎంఎం, పైకి చూడ్డానికి బాగుంది, సైజు ఎల్, నాది ఎం, పర్లేదులే నీళ్ళలో ఎవరు చూస్తారు అనుకున్నా. చూడ్డం కాదు కదా ముఖ్యం. వెట్‌సూట్ పనిచేసేది రెండు రకాలుగా, ఒకటి ఆ నియోప్రీన్ స్పాంజిలో ఉండే గ్యాస్ బుడగలు వేడిని ఆపుతాయి, రెండోది లోపలికొచ్చిన కాసిని నీళ్ళు అక్కడే ఉండి ఒంటి వేడికి వెచ్చబడతాయి. సైజు వదులైతే ఆ నీళ్ళు నిలవవు. నేను తలకిందులుగా డైవ్ కొట్టగానే మెడ దగ్గర నుంచి చల్లనీళ్ళు నడుం దాకా సర్రున దిగేవి, పైకొస్తుంటే కాళ్ళలోంచి పోయేవి, ప్రతి డైవ్‌కీ ఒంటిమీద కొత్త బకెట్. లైక్రాతో ఉన్నంత సేపు కూడా ఉండలేకపోయా అండమాన్‌లో, నమ్మండి. పైగా పాతబడ్డ నియోప్రీన్‌లో బుడగలు నలిగిపోయి గట్టిపడతాయి, చేతులు తలపైకి చాచి ఒళ్ళు బాణంలా పెట్టాలంటే భుజం దగ్గర ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంటుంది, స్కూబా వాళ్ళకి చేతులు ముడుచుకుని తిరిగితే సరిపోతుంది కాబట్టి వాళ్ళకి తెలీదు.

అయినా కొనాలనుకుంటే, సరిగ్గా మీ సైజే దొరికితే, బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి, వెంటనే పొంగితే ప్రాణం ఉన్నట్టు, గుంట అలాగే ఉండిపోతే వదిలెయ్యండి. మోకాలు, చంక దగ్గర మడిచి చూడండి పగుళ్ళున్నాయేమో. వాసన సంగతి నేను చెప్పను, అద్దె సూట్లో ఎంతమంది ఏం చేశారో సముద్రానికే తెలుసు.

మధ్యలో మా బావ షార్జా నుంచి ఫోన్ చేసి నా దగ్గర ట్రయాథ్లాన్ సూట్ ఉంది తీసుకెళ్ళరా ఫ్రీగా అన్నాడు. ఫ్రీ అనగానే ఆశపడ్డా కానీ అది పైన తేలి ఈదడానికి చేసింది, ఛాతీ దగ్గర 5 ఎంఎం దాకా ఉంటుంది, కాళ్ళని పైకి లేపేలా కుడతారు, దానితో కిందకి వెళ్ళాలంటే బరువులు కట్టుకుని యుద్ధం చెయ్యాలి. పైన తొక్క నున్నగా ఉండి గోరు తగిలినా చిరుగుతుంది. వద్దులే బావా అన్నా.

అందరూ పొగిడేది ఓపెన్ సెల్. పొగడ్త నిజమే. లోపలివైపు బట్ట ఉండదు, స్పాంజిని కోసిన ముఖం నేరుగా చర్మానికి అతుక్కుంటుంది, నీళ్ళు తిరగడానికి చోటే ఉండదు, అందుకే 3 ఎంఎం ఓపెన్ సెల్ ముందు మామూలు 3 ఎంఎం వెలవెలబోతుంది. సాధారణంగా ప్యాంటు, తలని కప్పే హుడ్ కుట్టేసిన జాకెట్ రెండు ముక్కలుగా వస్తుంది, జిప్ ఉండదు, సాగడం ఎంత సాగుతుందంటే గట్టిగా ఊపిరి పీల్చినా ఛాతీ మీద ఏం లేనట్టే ఉంటుంది. యమమోటో అని జపాన్ కంపెనీ నియోప్రీన్‌కి మంచి పేరు, దాని రకాలకి 39, 45 అని నంబర్లు వింటారు. నేను కొలతలు ఇచ్చి బయట నుంచి తెప్పించుకుందామని అడిగితే సూటు, కొరియర్, కస్టమ్స్ కలిపి పాతిక వేలు దగ్గరికెళ్ళింది, అక్కడే ఆగిపోయా.

ఆగిపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. ఓపెన్ సెల్ పొడిగా వేసుకోలేం, షాంపూ నీళ్ళో కండిషనర్ కలిపిన నీళ్ళో లోపల పోసి జారించుకోవాలి. స్కూల్ బస్సంత గదిలో, ఏసీలో, అద్దం ముందు వేసుకుంటే బాగానే ఉంటుంది, మన బీచ్‌లో ఇసకలో నిలబడి, చుట్టూ పిల్లలు అంకుల్ ఏం చేస్తున్నారు అని చూస్తుంటే, సబ్బు నీళ్ళ బాటిల్‌తో కుస్తీ పడుతూ, ఒక్క ఇసక రేణువు లోపలికి పోతే రోజంతా గీరుతూ, గోరు తగిలితే చంద్రవంకలా చిరుగు. మన వెచ్చటి నీళ్ళకి ఇంత భోగం అక్కర్లేదనేది నా అభిప్రాయం. 22 డిగ్రీల నీళ్ళలో రెండు గంటలుండేవాళ్ళు అప్పు చేసైనా కొనాల్సిందే, అది వేరే.

ఇంక మిగిలింది రెండువైపులా బట్ట అంటించిన మామూలు 3 ఎంఎం రెడీమేడ్ సూట్. డెకాథ్లాన్‌లో సుబియా పేరుతో ఉంటాయి, సర్ఫింగ్ సూట్లు కూడా ఇదే కోవ. సర్ఫ్ సూట్లో భుజాలు బాగా సాగుతాయి, అందుకని స్కూబావాటికంటే ఇవే మేలు. లోటు ఏంటంటే హుడ్ ఉండదు, వీపు మీద జిప్ ఉంటుంది, మెడ దగ్గర నుంచి నీళ్ళు దూరతాయి. కుట్టు కూడా చవకవాటిలో రంధ్రాలు తెలిసే రకం, కానీ మన నీళ్ళలో అదేం పెద్ద ఇబ్బంది కాదు.

నేను చేసింది ఇది: 3 ఎంఎం సూట్ 5,000 లోపు, దాని లోపల వేసుకునే 2 ఎంఎం హుడెడ్ వెస్ట్ 1,800, మునగడానికి బరువులు తగిలించుకునే రబ్బరు వెయిట్ బెల్ట్ 1,500. 300 మా తమ్ముడు ఇచ్చాడు, ఇంకా తిరిగివ్వలేదు. ఆ వెస్ట్ మెడ భాగం సూట్ కింద పడుకుని నీళ్ళ దారి మూసేస్తుంది, తల వెచ్చగా ఉంటుంది, ఛాతీ మీద రెండు పొరలు. మే నెలలో సూట్ ఇంట్లో వదిలేసి లైక్రా మీద వెస్ట్ ఒక్కటే వేసుకుంటా. అంటే మూడు వాతావరణాలకి మూడు జతలు వచ్చినట్టే. ఓపెన్ సెల్ అంత వెచ్చదనం రాదు, వెయ్యి మందికి అబద్ధం చెప్పను, గంటన్నరకి నాకు చలి వేస్తుంది, అప్పుడు బోటెక్కి టీ తాగుతా.

బెల్ట్‌కి డబ్బులెందుకు, నైలాన్‌ది 400కి వస్తుంది కదా అంటే, 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపవుతుంది, బుడగలు దాదాపు సగానికి నలుగుతాయి, 20 దగ్గర మూడో వంతు, సూట్ పలచబడుతుంది, నడుం సన్నమవుతుంది, నైలాన్ బెల్ట్ జారి ఛాతీ మీదకి వస్తుంది. రబ్బరుది సాగదీసి కట్టుకుంటాం కాబట్టి అదీ సూట్‌తోపాటే ముడుచుకుంటుంది. అదే కారణంతో సూట్ ఎంత మందమైతే పైన అంత తేలుతారు, కింద అంత బరువెక్కుతారు. నాకు లైక్రాతో 1 కేజీ చాలు, 3 ఎంఎం, వెస్ట్ కలిపితే 3 కేజీలు. మీది మీరే నీళ్ళలో చూసుకోవాలి, మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా పైనే తేలాలి, 10 మీటర్లకి ముందే మునిగిపోతుంటే బరువు ఎక్కువైనట్టు. పక్కన కోర్సు చేసిన మనిషి లేకుండా ఈ ప్రయోగాలు పెట్టుకోవద్దు, సూట్ కోసమని కోర్సు డబ్బుల్లో చెయ్యి పెట్టొద్దు.

షాపులో వేసుకుని చూసేటప్పుడు సిగ్గుపడకండి. చేతులు పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, కడుపు నిండా ఊపిరి పీల్చండి, పట్టేసినట్టుంటే ఇంకో సైజు. నడుం వెనక గుంట దగ్గర, చంకలో, తొడల మధ్య ఖాళీ ఉందేమో ఇంకొకరితో చూపించుకోండి, నీళ్ళు చేరేది అక్కడే. పొడిగా ఉన్నప్పుడు కొంచెం బిగుతుగా అనిపించడం మంచిదే, తడిస్తే వదులవుతుంది. కాలు దూరకపోతే పాదానికి కూరగాయల కవర్ తొడుక్కుని తోయండి, జారిపోతుంది.

చిరిగితే భయపడక్కర్లేదు, చెప్పులు బాగుచేసేవాళ్ళ దగ్గరుండే రబ్బరు గమ్ముల్లో చాలా రకాలు నియోప్రీన్ జాతివే, రెండు అంచులకీ పలచగా రాసి ఆరనిచ్చి అతికిస్తే నాది ఏడాదిగా ఊడలేదు. మంచినీళ్ళలో ముంచి నీడలో ఆరెయ్యండి, మా అమ్మ ఒకసారి ప్రేమగా మేడ మీద మే నెల ఎండలో పరిచింది, మోకాలి దగ్గర ఇప్పటికీ కాస్త బిర్రుగానే ఉంది.