స్టేడియం ఫుడ్ కౌంటర్: అయిదుకి రెండు స్టార్లు

మ్యాచ్ బాగుంది, సీటు బాగుంది, ఆ రెండు స్టార్లు వాటికే. గేటు దగ్గర తనిఖీ నుంచి బర్గర్ చేతికొచ్చేదాకా నడిచే తతంగానికి మాత్రం నేను ఒక్కటి కూడా ఇవ్వను. పెద్ద పోటీలు జరిగే చోట్ల చాలావరకు ఇదే పద్ధతి, అందుకే స్టేడియం పేరు రాయడం లేదు.

సీలు కూడా తియ్యని నీళ్ల బాటిల్‌ని లోపలికి రానివ్వలేదు. భద్రత కోసమట. సరే, మైదానంలోకి విసిరేవాళ్లు ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ లోపలికి వెళ్తే అదే సైజు ప్లాస్టిక్ బాటిల్, స్పాన్సర్ కంపెనీది, మూతతో సహా అమ్ముతున్నారు. మరి విసురుతారన్న భయం బయటినుంచి తెచ్చిన బాటిల్‌కేనా? నా వెనకున్న ఒకాయన టోపీ మీద వేరే కంపెనీ బొమ్మ ఉందని దాన్ని తీయించారు. టికెట్ కొని వచ్చిన మనిషి తలమీద ఏముండాలో కూడా పోటీ నిర్వహించే క్రీడా సంఘమే చెబుతుందంటే నాకు ఒళ్లు మండింది.

ఈ జబ్బు పాతదే. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, నెదర్లాండ్స్ అభిమానులు వేసుకొచ్చిన నారింజ రంగు ప్యాంట్ల మీద స్పాన్సర్ కాని బీరు కంపెనీ పేరుందని వాటిని గేటు దగ్గరే విప్పించారు, చాలామంది లోదుస్తులతోనే మ్యాచ్ చూశారు. 2010 ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికాలో అదే బీరు కంపెనీ ఇచ్చిన నారింజ గౌన్లు వేసుకున్న ఆడవాళ్లని స్టేడియంలోంచి బయటికి పంపించేశారు, ఇద్దరిని అరెస్టు కూడా చేశారు. బ్రెజిల్‌లో స్టేడియాల్లో మద్యం మీద నిషేధం ఉండేది. 2014 ప్రపంచ కప్ కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా పట్టుబడితే, ఒక దేశం తన నిబంధననే పక్కనబెట్టి ప్రత్యేక చట్టం చేసుకోవాల్సి వచ్చింది. ఇక 2012 లండన్ ఒలింపిక్స్‌లో, మెక్‌డొనాల్డ్స్ స్పాన్సర్ కాబట్టి, క్రీడా ప్రాంగణాల్లో మిగతా కౌంటర్లవాళ్లు చిప్స్ (అంటే ఫ్రెంచ్ ఫ్రైస్) విడిగా అమ్మకూడదన్నారు, చేపతో కలిపి ఇస్తేనే అనుమతి. వేయించిన బంగాళాదుంప మీద కూడా హక్కు!

స్పాన్సర్ల డబ్బు లేకపోతే ఇంత పెద్ద పోటీలు జరగవని నాకూ తెలుసు. బోర్డులు పెట్టుకోండి, తెర నిండా ప్రకటనలు వేసుకోండి, చూస్తాం. చూడ్డానికి వచ్చినవాళ్ల దాహాన్ని, బట్టల్ని కూడా ఆ ఒప్పందంలో కలిపి అమ్మేయడానికి వీళ్లకి ఎవరిచ్చారు హక్కు?

ఇప్పుడు అసలు కౌంటర్ సంగతి. ఆర్డర్ ఇవ్వడానికి టచ్ స్క్రీన్లు పెట్టారు. బర్గర్ బొమ్మ నొక్కితే బర్గర్ రాదు, కాంబో వస్తుంది. బర్గర్ ఒక్కటే కావాలంటే కింద మూలన బూడిద రంగులో సన్నగా రాసిన లైను వెతుక్కోవాలి. డ్రింక్ దగ్గర లార్జ్ సైజు ముందే ఎంపికై ఉంటుంది, చిన్నది కావాలంటే పక్కకి జరిపి చూడాలి. తర్వాత చీజ్ పేజీ, సాస్ పేజీ, డెజర్ట్ పేజీ, ప్రతిచోటా 'అవును' అన్నది మెరిసే పెద్ద బటన్, 'వద్దు' అన్నది కళ్లు చికిలించి చూస్తేగానీ కనపడదు. వెనక క్యూ, అవతల ఆట మొదలైపోతోందన్న టెన్షన్, ఏదో ఒకటి నొక్కేస్తాం. బిల్లు చూసుకుంటే నేను అడగని సాస్‌కి కూడా డబ్బు పడింది. వెనక్కిమ్మంటే ఆర్డర్ వంటింట్లోకి వెళ్లిపోయిందన్నారు.

మధ్యలో మీడియం సైజు ఒకటి పెడతారు చూడండి, ధర లార్జ్‌కి బాగా దగ్గరగా. అది అమ్ముడుపోవాలని పెట్టింది కాదు, దాని పక్కన లార్జ్ చవగ్గా కనపడాలని. అమెరికాలో సినిమా థియేటర్ల వ్యాపారం చేసిన డేవిడ్ వాలర్‌స్టీన్ అనే ఆయన చాలా ఏళ్ల కిందటే ఒక సంగతి గమనించాడు: జనం రెండో పాప్‌కార్న్ ప్యాకెట్ కొనడానికి మొహమాటపడతారు, తిండిపోతు అనుకుంటారేమోనని, అదంతా ఒకే పెద్ద ప్యాకెట్‌లో ఇస్తే మాత్రం హాయిగా కొంటారు. ఆయనే తర్వాత మెక్‌డొనాల్డ్స్ బోర్డులో చేరి పెద్ద సైజు ఫ్రైస్ కోసం పట్టుబట్టాడు. ఇప్పుడు ఆ మొహమాటంతో కూడా పనిలేదు, స్క్రీనే మన తరఫున పెద్దది ఎంచేస్తోంది. ఆన్‌లైన్ కొనుగోళ్లలో ముందే టిక్ పెట్టి అదనంగా డబ్బు తీసుకుంటే దాన్ని తిరిగి అడిగే హక్కు యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలోనే ఉంది. స్టేడియంలో ఉన్న స్క్రీన్‌కీ ఎక్కడైనా అదే వర్తించాలి.

ఇదే కంపెనీ బయట వీధిలో ఇలా చేస్తే నేను పక్క షాపుకి పోతాను. లోపల పక్క షాపు లేదు, లేకుండా చేసింది క్రీడా సంఘమే. గేటు దగ్గర బాటిల్ లాక్కోవడం, కౌంటర్ దగ్గర లార్జ్ అంటగట్టడం, ఈ రెండూ నాకు వేరువేరుగా కనపడటం లేదు. మొదటిది లేకపోతే రెండోది ఇంత ధైర్యంగా సాగదు.

కౌంటర్‌లో పనిచేసే పిల్లల మీద నాకు కోపం లేదు, పాపం వాళ్లని పైవాళ్లు అడగమన్నారు కాబట్టి అడుగుతున్నారు. వెళ్లేవాళ్లు వీలైతే స్క్రీన్ వదిలేసి మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లండి. "బర్గర్ ఒక్కటే, కాంబో వద్దు" అని ముందే చెప్పండి, డబ్బు కట్టే ముందే బిల్లులో ఏమేం పడ్డాయో చదివించుకోండి. తాగడానికి మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో కూడా అడగండి. ఎక్కడో మూలన పెట్టినా చాలాచోట్ల ఉంటుంది, బోర్డు మాత్రం ఉండదు.